కత్తి పట్టిన చేయి ఒక్కటే కాదు

పంట ఇల్లు చేరితే ఆసామి పేరే చెప్పుకోవడం లోకరీతి. దుక్కి దున్నినవాడు, నారు పోసినవాడు, రాత్రిళ్లు మేలుకుని నీరు కట్టినవాడు ఆ లెక్కలోకి రారు. వైద్యంలోనూ అంతే. ఒకరి కాలేయాన్ని మరొకరికి అమర్చారన్న వార్త రాగానే పెద్ద డాక్టరు ఫొటో పడుతుంది. ఆ పని వెనుక ఎంతమంది వున్నారన్నది ఎవరికీ పట్టదు. పట్నాలకన్నా పల్లెలకే ఈ సంగతి తెలియవలసిన అవసరం ఎక్కువ వున్నది.

కాలేయం కుడివైపు పక్కటెముకల కింద వుంటుంది. పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువు. తిన్నదాన్ని ఒంటికి పట్టేలా మార్చడం, విషాలను విరిచివేయడం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారుచేయడం దాని పనులు. మూత్రపిండాలు చెడితే యంత్రంతో రక్తం శుభ్రం చేసి ఏళ్ల తరబడి బతికించవచ్చు. కాలేయం పూర్తిగా చెడితే అన్నాళ్లు దాని పని చేయగల యంత్రం నేటికీ లేదు. మరో కాలేయం అమర్చడమొక్కటే దారి.

అయిదుగురు పోయిన తరువాత

ఈ దారి వేసినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు అమెరికాకు చెందిన థామస్ స్టార్జల్. 1926లో అయోవా రాష్ట్రంలోని లె మార్స్ అనే చిన్న వూరిలో పుట్టారు. తండ్రి స్థానిక పత్రిక నడిపేవారు. తల్లి నర్సుగా పనిచేసినవారు. కుక్కలపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన మీదట, 1963 మార్చి 1న డెన్వర్ నగరంలో ఆయన బృందం మూడేళ్ల బాలుడికి కాలేయ మార్పిడికి పూనుకున్నది. మనిషికి ఈ ఆపరేషన్ చేయడం ప్రపంచంలో అదే మొదలు. రక్తస్రావం ఆగక ఆ బిడ్డ బల్లమీదనే కన్నుమూశాడు. ఆ ఏడాది అక్కడే మరో నలుగురికి చేశారు. ఎవరూ 23 రోజులకు మించి బతకలేదు. బోస్టన్, పారిస్ నగరాలలోనూ ఇదే ఫలితం. దానితో ఎక్కడివారక్కడ ఈ ఆపరేషన్ ఆపివేశారు.

ఆపరేషన్ ఆగింది కాని పని ఆగలేదు. మూడేళ్లకు పైగా ఆ బృందం ప్రయోగశాలలోనే గడిపింది. మన ఒళ్లు పరాయి అవయవాన్ని శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. ఆ దాడిని తగ్గించడానికి గుర్రాల రక్తం నుంచి ఒక మందు తయారుచేశారు. తీసిన కాలేయం ముక్కలను లండన్‌లో కెండ్రిక్ పోర్టర్ అనే డాక్టరు సూక్ష్మదర్శినితో పరీక్షించి, లోపమెక్కడున్నదో చెప్పేవారు. లాస్ ఏంజిలిస్‌లో పాల్ తెరసాకి అవయవం ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ పొంతన చూసే రక్తపరీక్ష కనిపెట్టారు. జపాను సంతతివాడైనందున రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబంతో సహా అమెరికా నిర్బంధ శిబిరంలో వుండి వచ్చిన మనిషి ఆయన. మూత్రపిండాల మార్పిడిలో ఈ పొంతన అనుకున్నంతగా ఫలితాన్ని నిర్ణయించడం లేదని 1970లో ఆయనే నిండుసభలో చెప్పారు. తన పరీక్షకే తక్కువ మార్కులు వేసుకోవడం సామాన్యమైన విషయం కాదు.

1967 జూలైలో డెన్వర్‌లో 19 నెలల పాపకు కాలేయం అమర్చారు. ఆ పాప ఏడాదికి పైగా బతికింది. చివరకు పాత కాన్సర్ తిరగబెట్టి చనిపోయింది. అయినా, పని జరుగుతుందని లోకానికి తెలిసింది ఆ పాప వల్లనే. మొదటి ఆపరేషన్‌కు బిడ్డలను అప్పగించిన ఆ తల్లిదండ్రులను బృందంలో సభ్యులు కారని ఎవరనగలరు?

మట్టిలో దొరికిన మందులు

అప్పటికీ అమర్చినవారిలో ఏడాది దాటి బతికేది నూటికి ముప్పై మందే. దారి చూపింది మట్టి. నార్వే దేశపు మట్టిలోని ఒక బూజు నుంచి స్విట్జర్లాండులోని సాండోజ్ కంపెనీ వారు సైక్లోస్పోరిన్ అనే మందు తీశారు. దాని గుణాన్ని పసికట్టిన శాస్త్రజ్ఞులలో ఝాన్ బొరెల్ ముఖ్యుడు. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ దాన్ని మొదటిసారి అవయవ మార్పిడి రోగులకు వాడారు. ఏడాది దాటేవారు నూటికి డెబ్బై వరకు పెరిగారు. 1984లో జపానులో సుకుబా కొండ దాపున తీసిన మట్టి నుంచి మరో మందు వచ్చింది. అదే టాక్రోలిమస్. 1989లో పిట్స్‌బర్గ్‌లో స్టార్జల్, సతోరు టోడో, జాన్ ఫంగ్ దాన్ని రోగులకు వాడి చూశారు. నేడు కాలేయ మార్పిడి చేయించుకున్నవారు అత్యధికులు మింగే మాత్ర ఇదే.

తీసిన కాలేయం అమర్చేలోగా చెడిపోకుండా చూడడం మరో సమస్య. విస్కాన్సిన్‌లో ఫోల్కర్ట్ బెల్జర్, జేమ్స్ సదర్డ్ తయారుచేసిన ద్రవం 1980ల చివర వాడుకలోకి వచ్చాక, కొద్ది గంటల గడువు దాదాపు ఒక రోజుకు పెరిగింది. ఒక వూరిలో ఇచ్చిన కాలేయం దూరాన వున్న మరో వూరికి చేరడానికి వీలు కలిగింది.

స్టార్జల్ 2017లో మరణించారు. పేరు ఆయనకు వచ్చింది, అది న్యాయమే. కాని మత్తు డాక్టరు, రాత్రంతా రక్తం అందించినవారు, నర్సులు, ప్రయోగశాల పనివారు లేకుంటే ఆ కత్తికి విలువ లేదు.

చివరి మనిషి మన వూరివాడు

ఇంతమంది కలిసినా ఒకరు లేకుంటే ఆపరేషన్ జరగదు. కాలేయం ఇచ్చేవారు. దగ్గరి బంధువు కొంత భాగం కోసి ఇవ్వవచ్చు. మిగిలినది తిరిగి పెరుగుతుంది. 1998లో ఢిల్లీలో ఒక తండ్రి ఇలాగే ఇచ్చి పసిబిడ్డను బతికించుకున్నాడు. ఇవ్వగల బంధువు లేనివారికి దిక్కు, మెదడు పూర్తిగా చనిపోయినవారి కుటుంబాలే. వారిలో చాలామంది మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రికి చేరినవారు.

ఇక్కడే పల్లెల్లో అనుమానాలు వున్నాయి. గుండె కొట్టుకుంటుండగా చనిపోయాడంటే నమ్మేదెట్లా అంటారు. ఆసుపత్రివారే అవయవాలకోసం వదిలేస్తారన్న పుకారు వున్నది. ఆ గుండె కొట్టుకునేది యంత్రం ఊపిరి అందిస్తున్నంతసేపే. 1994 చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువపరచాలి. అవయవం అమర్చే డాక్టర్లు ఆ నలుగురిలో వుండరాదు. అమ్మకం, కొనుగోలు నేరం. అవయవాలు తీశాక కుట్లువేసి శవాన్ని అప్పగిస్తారు. అంత్యక్రియలు ఆచారం ప్రకారం జరుపుకోవచ్చు.

అయితే పల్లెవారి మరో ప్రశ్నకు మాత్రం ప్రభుత్వమే జవాబు చెప్పాలి. ఇచ్చేది పేదవాడు, పుచ్చుకునేది వున్నవాడు అయితే ఎట్లా? ఈ ఆపరేషన్ ప్రైవేటు ఆసుపత్రులలో లక్షల ఖర్చు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ డాక్టర్లు కాలేయ మార్పిడి చేసి చూపించారు. అంటే చేతగాని పని కాదన్నమాట. అటువంటి బృందాలను ఇతర ప్రభుత్వ ఆసుపత్రులలోనూ తయారుచేయాలి. ఆపరేషన్ తరువాత జీవితాంతం మింగవలసిన మాత్రలు పేదలకు తప్పకుండా అందాలి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై ఇప్పుడు రెండు రాష్ట్రాలలో నడుస్తున్న జీవన్‌దాన్ పథకం గురించి దుఃఖంలో వున్న కుటుంబానికి అప్పటికప్పుడు కాకుండా, ముందుగానే గ్రామసభలలో చెప్పాలి. జిల్లా ఆసుపత్రిలో ఓపికగా, అర్థమయ్యే మాటలలో చెప్పగల మనిషిని నియమించాలి.

పల్లెవారు చేయవలసింది కూడా వున్నది. ఆపద రాకముందే ఇంట్లో ఈ మాట అనుకోవాలి. పెద్దవారు తమ ఇష్టం భార్యాబిడ్డలకు చెప్పివుంచాలి. ఆ చివరి గంటలలో అవునో కాదో తేల్చుకోవలసినది ఇంటివారే. కాదన్నా ఎవరూ తప్పుపట్టరాదు. కాని తెలియక కాదనడం వేరు, తెలిసి కాదనడం వేరు. డెన్వర్‌లో మొదలైన పని మన జిల్లాలో ఒక ప్రాణం నిలపాలంటే, ఆ తెలియడం ముందు జరగాలి.