కుప్ప మారితే రోగం మానదు

డెంగీ కేసులు పెరిగాక ఫాగింగ్ యంత్రాలు వీధుల్లోకి వస్తాయి. కాల్వలు పొంగి ఇళ్లలోకి మురుగు చేరాక పూడికతీత మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఏటా వానాకాలం గడిచే తీరిది. రోగం ఎక్కడ పుడుతోందో అధికారులకు తెలియక కాదు. చెత్తను ఊళ్లోంచి ఎత్తి ఊరి చివర పోస్తే పారిశుద్ధ్యం అయిపోయినట్టేనని పాలకులు అనుకోవడమే అసలు జబ్బు. ఈ పద్ధతికి స్వస్తి పలకాలి. తడి, పొడి కలిపేసిన చెత్తను ఫలానా రోజు నుంచి ఏ ఇంటి దగ్గరా, ఏ హోటల్ దగ్గరా తీసుకోబోమని ప్రతి పురపాలక సంఘం ప్రకటించాలి. ప్రకటించాక వెనక్కి తగ్గకూడదు.

డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమకు మురుగుగుంట అక్కర్లేదు. పారేసిన కొబ్బరి చిప్పలో, పాత టైరులో, ప్లాస్టిక్ గ్లాసులో నిలిచిన వాననీరు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులే పడుతుంది కాబట్టి అన్నాళ్లు కదలని కుప్ప ఒక తరం దోమలను పెంచి పంపుతుంది. క్యారీబ్యాగులు అడ్డుపడి ఆగిన మురుగులో బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. కుళ్లిన తిండి కోసం ఎలుకలు, వీధికుక్కలు చేరతాయి. వాటితోపాటే లెప్టోస్పైరోసిస్, రేబిస్ ముప్పు. పోనీ అని నిప్పు పెడితే ప్లాస్టిక్ పొగలోని సూక్ష్మ ధూళి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లు పుడతాయి. అన్నం మెతుకులతో కలిసిపోయిన సిరంజిని, డైపరును చేత్తో ఏరాల్సిన పారిశుద్ధ్య కార్మికుల బాధ ఏ లెక్కల్లోకీ రాదు.

ఈ కుప్పను డంపింగ్ యార్డుకు చేర్చినంత మాత్రాన ముప్పు తగ్గదు, చిరునామా మారుతుందంతే. మన పట్టణాల చెత్తలో పెద్ద వాటా కుళ్లిపోయే తడి చెత్తే. విడిగా ఇస్తే కొన్ని వారాల్లో ఎరువయ్యే ఆ పదార్థం, గుట్ట అడుగున గాలి ఆడక మీథేన్‌ను వదులుతుంది. వేసవిలో యార్డులు రోజుల తరబడి రగలడానికి కారణమిదే. 2023 మార్చిలో బ్రహ్మపురం యార్డు అంటుకున్నప్పుడు కొచ్చి నగరమంతా పొగలో చిక్కుకుంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ నగరపాలక సంస్థకు వంద కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఇక గుట్టల నుంచి కారే నల్లటి ఊట భూగర్భ జలాల్లోకి ఇంకుతుంది. హైదరాబాద్ చెత్తలో పెద్ద వాటాను మోస్తున్న జవహర్‌నగర్ ప్రజలు ఆ దుర్వాసననూ, పక్కనే పాడైపోయిన మల్కారం చెరువునూ ఏళ్లుగా భరిస్తున్నారు. నగరం వాడి పారేసినదానికి శివారు పేదలు ఆరోగ్యంతో మూల్యం చెల్లించడం ఏ న్యాయం?

చెత్తతో కరెంటు తీస్తే పోతుందిగా అనేవారున్నారు. జవహర్‌నగర్‌లో అలాంటి కేంద్రం 2020లోనే మొదలైంది. అయితే నీరోడే తడి చెత్త కలిసినకొద్దీ మండే శక్తి తగ్గుతుంది. ఆ యంత్రాలు సక్రమంగా నడవాలన్నా ముందు చెత్త వేరుపడాల్సిందే. పాత గుట్టలను తవ్వి జల్లెడపట్టే బయోమైనింగ్ కూడా అవసరమే. ఆంధ్రప్రదేశ్‌లో 85 లక్షల టన్నుల చెత్త పేరుకుపోయిందని ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో చెప్పారు. అలాంటి గుట్టలను తొలగించాల్సిందే. కానీ ఒకవైపు తవ్వుతూ మరోవైపు రోజూ కలగలిపిన చెత్తను తెచ్చి పోస్తుంటే, కుళాయి కట్టకుండా గచ్చు తుడిచినట్టే.

జనం మారరన్నది మరో వాదన. తెలంగాణలోని సూర్యాపేట రెండు దశాబ్దాల క్రితమే దీన్ని తప్పని తేల్చింది. అక్కడ ఇంటింటా తడి, పొడి వేరుగా సేకరించి, వర్మీకంపోస్టు తయారుచేసి, వీధి కుండీల అవసరమే లేకుండా చేశారు. 1994లో ప్లేగుతో వణికిన సూరత్‌ను, మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారులను రోజూ వీధుల్లోకి దింపి, రెండేళ్లలో దేశంలోని శుభ్రమైన నగరాల సరసన నిలిపారు. జనం మారలేదంటే తరచూ తప్పు వ్యవస్థదే. ఇల్లాలు రెండు బుట్టల్లో వేరుచేసి ఇచ్చినదాన్ని ఆమె కళ్లముందే ఆటోలో కలిపేస్తే మర్నాడు ఆమె ఎందుకు వేరుచేయాలి? మోసిన టన్నుకింతని కాంట్రాక్టరుకు చెల్లిస్తున్నంత కాలం బరువు తగ్గించాలని అతనికెందుకుంటుంది?

ఇక ఖర్చు సంగతికొస్తే, చెత్త పన్నును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దుచేసింది. సేవ అందినా అందకపోయినా, వేరుచేసినా చేయకపోయినా అందరి దగ్గరా వసూలుచేసిన రుసుముపై ఆగ్రహం సహజం. అంతమాత్రాన డబ్బు లేకుండా పని జరగదు. వేరుచేసి ఇచ్చే ఇంటిపై భారం వద్దు. కలిపి ఇచ్చే ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, అపార్టుమెంట్లపై జరిమానా తప్పదు. అందుకు ఘనవ్యర్థాల నిబంధనలు 2016లోనే అధికారమిచ్చాయి. ఒంటిగది ఇళ్లలో రెండు బుట్టలకు చోటెక్కడన్న ప్రశ్న న్యాయమైనదే. అలాంటి బస్తీల్లో వీధికి రెండు పెద్ద డబ్బాలు పెట్టి, రోజూ ఖాళీ చేసే బాధ్యత మున్సిపాలిటీ తీసుకోవాలి.

ఘనవ్యర్థాల నిర్వహణను రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల పనిగా చేర్చింది. నిధులు, సిబ్బంది ఇవ్వకుండా రాష్ట్రాలు తప్పించుకోకూడదు. నిధులు లేవన్న సాకుతో పాలకవర్గాలూ చేతులెత్తేయకూడదు. వార్డులోనే తడి చెత్త ఎరువుగా మారాలి. యార్డుకు నెలకెన్ని టన్నులు చేరుతున్నాయో, ఏ వార్డులో ఎన్ని డెంగీ కేసులు వచ్చాయో పక్కపక్కనే ప్రకటించాలి. మొదటి అంకె తగ్గని పట్టణానికి ఎన్ని ఆటోలు కొన్నా, ఎన్ని గోడలకు రంగులు వేసినా స్వచ్ఛత అవార్డు అడిగే అర్హత లేదు.