పాత ఫొటోలో వీధిని చూశారా?

మన ఇళ్లల్లో పాత ఫొటోలకి కొదవేముంది! ట్రంకుపెట్టె అడుగునో, శుభలేఖల కట్టలోనో, పట్టుచీర మడతలోనో ఉంటాయి. బయటికి తీస్తాం. "ఈయనెవరో, ఇదెక్కడో" అనుకుంటాం, మళ్లీ పెట్టేస్తాం. మనం మొహాలే చూస్తాం కదండీ, వెనకాల వీధిని పట్టించుకోం. కానీ ఆ ఫొటో ఏ ఊళ్లో, ఏ ఏడాది తీశారో చెప్పేది ఆ వీధే.

మా అమ్మమ్మకి ఎనభై ఆరేళ్లు. ఆవిడ అన్నయ్య 1949లో, పద్దెనిమిదేళ్ల వయసులో, చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. ఏడాది తిరిగేసరికి ఊళ్లోవాళ్లు "ఇంకెక్కడి కుర్రాడు" అనేశారు. ఎన్నో ఏళ్ల తర్వాత బెజవాడలో బంధువులింట్లో ఆయన ఫొటో ఒకటి దొరికింది. రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఒక్క అక్షరం రాసి లేదు. దొరికింది బెజవాడలో కాబట్టి అది బెజవాడ వీధేననీ, ఇల్లు వదలక ముందు తీయించుకున్నదేననీ అందరూ అనుకున్నారు. ఫ్రేము కట్టించి, దండ వేసేశారు.

పోయిన వేసవి సెలవుల్లో నేనూ మా అమ్మాయీ ఆ ఫొటోని ఫ్రేములోంచి తీసి, సెల్‌ఫోనులో పెద్దది చేసి మూలమూలా చూశాం. రోడ్డు మధ్యలో పట్టాలు, పైన కరెంటు తీగలు కనిపించాయి. అంటే ట్రాము! బెజవాడలో ట్రాము ఎక్కడిదండీ? మద్రాసులో 1895 నుంచి 1953 ఏప్రిల్ 12 దాకా నడిచింది.

మద్రాసులో చాలాకాలం కాపురమున్న మా పక్కింటి మామ్మగారికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, "కుడివైపు ఆ గుమ్మటాలు హైకోర్టువేనమ్మా. ఎడమవైపు ఆ మూలమీద మేడ డేర్ హౌసు. ఇది ప్యారిస్ కార్నర్!" అనేశారు. మన చిన్నప్పటి ప్యారీ చాక్లెట్ల కంపెనీ వాళ్ల మేడే అది. 1940లో పూర్తయింది. కాబట్టి ఫొటో 1940కి ముందుది కాదు, 1953 తర్వాతది కాదు.

ఇక గోడ మీద చిరిగిన సినిమా పోస్టరొకటి ఉంది. "పాతాళ భైరవి" అని అక్షరాలు కూడబలుక్కుని చదివింది మా అమ్మాయి. ఆ సినిమా 1951 మార్చి 15న విడుదలైంది. అంటే 1951లోనో, ఆ తర్వాత రెండేళ్లలోపో ఆయన మద్రాసులో నిక్షేపంలా ఉన్నాడన్నమాట.

ఈ మాట చెబితే అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మ వీధి గుమ్మంలో కూచుని ఎదురుచూసినన్నాళ్లూ అన్నయ్య బతికే ఉన్నాడన్నమాట. మేమే దానికి పిచ్చి అనుకున్నాం" అంది. ఫొటోకున్న దండ తీయించేసింది.

మీ ఇంట్లో ఫొటోలకీ ఇలా చేసి చూడండి. కొత్తగా వచ్చిన వస్తువు "దీని తర్వాతే" అని చెబుతుంది. మాయమైపోయిన వస్తువు "దీనికి ముందే" అని చెబుతుంది. రెండూ దొరికితే ఏడాది దగ్గరికొస్తుంది. ఒక్క పోస్టరునే నమ్ముకోకండి, పాత సినిమాలు మళ్లీ మళ్లీ ఆడేవి కదా!

కొట్టు బోర్డు మీద ధర "నయా పైసల్లో" ఉంటే అది 1957 ఏప్రిల్ తర్వాతది. "నయా" అన్న మాట 1964లో తీసేశారు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. కారు నంబరులో ఏపీ పక్కన జిల్లా అంకె కనిపిస్తే 1989 తర్వాతది. టీఎస్ అని ఉంటే 2014 తర్వాతది.

ఫొటోని అంచులు పట్టుకునే తీయండి. తడిగుడ్డ తగలనివ్వకండి, మెత్తని పొడిగుడ్డ చాలు. జిగురుతో అంటించకండి. వివరాలు వెనకవైపు పెన్సిలుతో మెల్లగా రాయండి. బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లని ఇప్పుడే అడగండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వక్కపొడి పళ్లెంతోపాటు ఫొటోల కట్టా వాళ్ల ముందు పెట్టండి. ఊరు, వీధి, ఏడాది, ఎవరెవరు అన్నవి రాసుకోండి. పట్టాలూ పోస్టర్లూ ఎప్పుడైనా వెతుక్కోవచ్చు. చూడగానే "ఇది ఫలానా చోటమ్మా" అని చెప్పే మామ్మగార్లు మాత్రం ఎల్లకాలం ఉండరు కదండీ!