ఐఐఎం సీటుకు ఇంటి లెక్క కూడా చూడాలి



ఐఐఎంలు ఇంజనీర్లతోనే నిండిపోతున్నాయన్న విమర్శ పాతదే. దానికి జవాబుగా చాలా ఐఐఎంలు ఇంజనీరింగ్ చదవనివారికి అదనపు మార్కులు కలుపుతున్నాయి. మంచిదే. కానీ ఢిల్లీలో పేరున్న కాలేజీలో బీకాం చదివిన ఆడిటరు గారి అబ్బాయికీ, పాడేరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ చదివిన గిరిజన రైతు కూతురికీ అక్కడ కలిసేవి అవే మార్కులు!

ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌లో లెక్కలు చాలావరకు హైస్కూలువే. పదో తరగతితో వాటిని వదిలేసినవాళ్లు ఐదేళ్ల తర్వాత 40 నిమిషాల్లో చేయాలంటే కోచింగ్ కావాలి, కోచింగ్‌కు డబ్బు కావాలి. ఇంగ్లీషు సంగతి ఇంకా కష్టం. ఇంట్లో ఇంగ్లీషు పేపరు చదివేవాళ్లున్న పిల్లలతో ఏడాది కోచింగ్ పోటీపడలేదు. పైగా ఇంటర్వ్యూ పిలుపుకు చాలాచోట్ల పదో తరగతి, ఇంటర్ మార్కులూ చూస్తారు. బడిలో లెక్కల మాస్టారు లేని ఏడాది తగ్గిన మార్కులు అప్పుడు కూడా వెంటాడతాయి.

రిజర్వేషన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఉండాలి. ఓబీసీల 27 శాతం సుప్రీంకోర్టు స్టే దాటుకుని 2008లో గానీ అమలుకు రాలేదు. వాటి జోలికి ఎవరూ పోవద్దు. ప్రతి వర్గంలోనూ, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారికి కొన్ని మార్కులు కలపమన్నదే మా డిమాండ్. వెనుకబడిన జిల్లాలవారికి జేఎన్‌యూ ఏళ్ల తరబడి ఇలాగే పాయింట్లు కలిపింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

ఐఐఎంలు ప్రతి బ్యాచ్‌లో విద్యార్థుల తల్లిదండ్రుల చదువు, బడి మీడియం, సొంత జిల్లా వివరాలను పేర్లు లేకుండా ప్రకటించాలి. రాష్ట్ర విభజన చట్టం హామీతో 2015లో వచ్చిన విశాఖ ఐఐఎం ముందుగా ఈ పని మొదలుపెట్టాలి. గ్రూప్స్‌కు శిక్షణ ఇచ్చే బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో రెండు తెలుగు ప్రభుత్వాలూ క్యాట్‌ను చేర్చాలి, అదీ డిగ్రీ రెండో ఏడాది నుంచే.

ఫీజు పేరు చెబితేనే మనవాళ్లు దరఖాస్తు పెట్టరు. పాత ఐఐఎంలలో రెండేళ్లకు 20 లక్షలు దాటింది మరి! అయితే ఐఐఎం సీటు చూపిస్తే తాకట్టు లేకుండా రుణమిచ్చే బ్యాంకులున్నాయి. ఈ సంగతి ప్రతి డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాలి.

క్యాట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలవుతాయి. ఆలోపే ఈ కరపత్రం వెనుక సంతకాలు చేసి మీ ప్రిన్సిపాల్‌కు, ఎమ్మెల్యేకు అందజేయండి.