హార్డ్ డిస్కు చెడినంతనే ల్యాప్‌టాపును పారవేయవలెనా?

ఐదారేండ్లు వాడిన ల్యాప్‌టాపు ఒకనాడు టకటకమని చప్పుడు చేసి నిలిచిపోవును. అంగడికి గొనిపోయినచో, దీని కాలము తీరినది, క్రొత్తది కొనుడని చెప్పుదురు. మన పావగడ తాలూకాలో ఈ మాట నమ్మి వేలకు వేలు వెచ్చించిన తెలుగు కుటుంబములు కలవు. ఈ సలహాను మేము అంగీకరింపజాలము. పెక్కు సందర్భములలో చెడినది యంత్రము కాదు, అందలి హార్డ్ డిస్కు మాత్రమే. దానిని తీసి సాలిడ్ స్టేట్ డ్రైవు, అనగా ఎస్‌ఎస్‌డి, అమర్చినచో పాత యంత్రమే మునుపటికంటె చురుకుగా పనిచేయును.

హార్డ్ డిస్కనగా తిరుగు చక్రము. 1956లో ఐబిఎం సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెరములు 50 ఉండెను. దాదాపు ఒక టన్ను బరువైన ఆ యంత్రమున ఇమిడినవి 50 లక్షల అక్షరములే. నేటి డిస్కు అరచేతిలో పట్టును గాని సూత్రమదియే. పళ్లెరము నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుచుండగా, చదువు ముల్లు దానిపై వెండ్రుక మందములో వేయవ వంతుకంటె తక్కువ యెడముతో తేలుచుండును. పనిచేయుచున్న యంత్రమును ఒడిలో నిడుకొని మడకశిర బస్సులో కూర్చుండువారు ఈ సంగతి యెరుగుట మంచిది. మన సీమ దుమ్ము డిస్కులో దూరునని కొందరందురు. అది సరికాదు, డిస్కు పెట్టె మూసియుండును. దెబ్బలు, వేడి, అరుగుదల దానికి శత్రువులు.

ఎస్‌ఎస్‌డిలో తిరుగునదేదియు లేదు. 1980వ దశకమున తోషిబాలో ఫుజియో మసుఓకా రూపొందించిన ఫ్లాష్ మెమరీ దానికి మూలము. అమర్చుట కష్టము కాదు: బ్యాటరీ విడదీసి, వెనుక రేకు మరలు విప్పి, పాతది తీసి క్రొత్తది దూర్చవలెను. అయితే కొన్ని యంత్రములకు సాటా రకము, కొన్నింటికి ఎం.2 రకము సరిపోవును. కొనుటకు ముందే చూచుకొనవలెను. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 ఎక్కని యంత్రమునకు లినక్సు చాలును.

ఇంతవరకు సులభమే. పాత డిస్కులోని సంగతి యేమి? తిరుమణి ప్రాంతమున 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమునకు భూములు కౌలుకిచ్చిన రైతుల పత్రముల నకళ్లు పోయినను, కచేరీలో మరల లభించును. అవ్వ పాడిన మంగళహారతి ఏ కచేరీలోను లభింపదు. మూడు వైపుల ఆంధ్ర రాష్ట్రమే ఉన్నను, మన పిల్లలలో పలువురు తెలుగు మాటలాడుదురే గాని లిపి చదువలేరు. వారికి మిగులునవి ఆ కంఠధ్వనులే. కావున డిస్కు టకటకలాడిన వెంటనే యంత్రమును ఆపివేయవలెను. మాటిమాటికి నడిపి చూచుట ప్రమాదకరము. అంగడివానిచే డిస్కును విప్పించుట అంతకంటె ప్రమాదము. ఆ పని ధూళిరహితమైన గదిలో నిపుణులు చేయదగినది, వ్యయమును ఎక్కువే.

క్రొత్త డ్రైవు వచ్చినదని నిశ్చింతగా ఉండరాదు. ఎస్‌ఎస్‌డి తరచు ఏ హెచ్చరికయు లేకయే చెడును. తుడిచివేసిన దానిని మరల రాబట్టుట దుర్లభము. విద్యుత్తు లేక ఏండ్ల తరబడి బీరువాలో నున్నచో అందలి సమాచారము క్షీణింపవచ్చును. దాచుటకు వేరొక హార్డ్ డిస్కే నయము. రెండవ నకలు హిందూపురములోని వియ్యాలవారి యింట నుండుట మరింత నయము.

ఒక్క విషయము మిగిలినది. అను ఫాంట్లలో కూర్చిన పాత ఆహ్వానపత్రికలు, వంశవృక్షములు క్రొత్త డ్రైవులోనికి చేరినను, ఆ ఫాంటు లేనిచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా కనబడును. వానిని యూనికోడునకు మార్చవలెను. ఈ పని ఒక్కొక్క కుటుంబము చేసికొనజాలదు. మార్చుట తెలిసిన యువకులను ఇద్దరు ముగ్గురిని పిలిచి, నెలకొక ఆదివారము సంఘ కార్యాలయమున కూర్చుండబెట్టవలెనని కార్యవర్గమును కోరుచున్నాము.