పాపం బ్యాటరీ

సెల్ఫ్ కొడితే ఇంజను మూలిగి ఊరుకుందంటే చాలు, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పొడవునా ఒకటే తీర్పు: "బ్యాటరీ పోయింది సార్, మార్చేయండి." ఆ తీర్పు తప్పంటాను. అన్నిసార్లూ కాదు, కొలవకుండా ఇచ్చినన్నిసార్లూ.

నేనూ మార్చినవాణ్ణే. కొత్త బ్యాటరీతో బండి వారం రోజులు బాగానే లేచింది. మెకానిక్ మాట నిజమనిపించేది ఆ వారమే. కొత్తదానికి సత్తువ కాస్త ఎక్కువ, అడ్డంకిని కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఎనిమిదో రోజు పొద్దున మళ్లీ అదే మూలుగు.

ఎర్ర వైరులో పోయిన కరెంటంతా ఇంజను, బాడీ మీదుగా నల్ల వైరులోకి తిరిగి రావాలి. పోయే దారిని అందరూ చూస్తారు. వచ్చే దారిని, అంటే ఎర్త్‌ను, అడిగే నాథుడు లేడు. మా పెద్ద చెరువు నిండనప్పుడు కట్ట మార్చమని ఎవరూ అనలేదు, ఫిరంగి కాలువ ఎక్కడ పూడిందని అడిగారు. బండికి ఆపాటి న్యాయం కూడా జరగదు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమనే బండ్లకూ తరచుగా ఇదే జబ్బు. వాటికి బల్బులు మారుస్తూ పోతారు.

మనమే అడిగితే "ఎర్త్ చూశాం సార్, మీటరులో బీప్ వస్తోంది" అంటారు. నా అసలు కోపం ఈ బీప్ మీదే. దానికోసం మీటరు పంపే కరెంటు చిటికెడు. తీగలో ఒక్క పోగు మిగిలినా దాటేస్తుంది. సెల్ఫ్ లాగేది 150 ఆంపులు. 0.012 ఓమ్‌ల అడ్డు బీప్‌కు ఆనదు, 150 ఆంపులప్పుడు మాత్రం 1.8 వోల్టులు మింగేస్తుంది. కాలిబాట మీద మనిషి పోయాడని లారీ కూడా పడుతుందా?

కొలవడం రెండు నిమిషాల పని. మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి, ఎర్ర పుల్ల ఇంజను లోహానికి, నల్లది బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు (క్లాంపుకు కాదు) ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టు బాగా దాటిందా, దోషం తిరుగుదారిలో ఉన్నట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ రెండు పోస్టుల మధ్యే 9.6 వోల్టుల కంటే దిగిపోతే అప్పుడు బ్యాటరీని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను.

నా బండికి 1.8 వచ్చింది. గేరుబాక్సు నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీని, డెంటింగ్ పెయింటింగ్ చేసినవాళ్లు రంగు మీదే బిగించారు. అంచున పచ్చటి చిలుము. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, లోహం మెరిసేదాకా సాండ్ పేపరుతో రుద్ది బిగిస్తే 0.1కి దిగింది.

పాత బ్యాటరీ అప్పటికే ఎక్స్ఛేంజిలో, కిలోల లెక్కన పోయింది.