హస్‌దేవ్ బొగ్గు, లక్షద్వీప్ పగడం

రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. పగడపు దిబ్బల గురించి అక్కడి శాసనసభ చర్చించాలని ఎవరూ ఆశించరు. అయినా 2022 జులై 26న ఆ సభ, తెలిసో తెలియకో, పగడాల పక్షాన నిలిచింది. హస్‌దేవ్ అరణ్యంలోని బొగ్గు బ్లాకులన్నీ రద్దు చేయాలని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఆదివాసీలు దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాజధానికి వచ్చారు. ఆ నడకే లేకుంటే తీర్మానమూ ఉండేది కాదు.

తీర్మానం కాగితం మీదే ఉంది. 2023 డిసెంబరులో, ప్రభుత్వం మారిన కొద్ది రోజులకే, పోలీసు బందోబస్తు నడుమ పర్సా ఈస్ట్ కెతె బాసన్ గని కోసం చెట్లు కూలాయి. నేరమంతా బీజేపీ నెత్తిన రుద్ది కాంగ్రెస్ తప్పుకోజాలదు. ఆ గని రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ సంస్థది, తవ్వేది అదానీ. 2022 మార్చిలో నాటి ముఖ్యమంత్రి గెహ్లాట్ స్వయంగా రాయ్‌పూర్ వచ్చి అడగ్గా, రెండో దశకు పచ్చజెండా ఊపింది బఘేల్ ప్రభుత్వమే. నాలుగు నెలలకే అదే సభలో ఆ తీర్మానం!

బొగ్గు కాలితే వేడెక్కేది గాలి ఒక్కటే కాదు. ఆ అదనపు వేడిలో తొంభై శాతం దాకా సముద్రమే మింగుతోంది. నీరు మరిగిన కొద్దీ పగడం తనకు తిండి పెట్టే నాచును వెళ్లగొట్టుకుని, తెల్లబడి, ఆకలితో చస్తుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, మళ్లీ 2024లో జరిగింది ఇదే. కోలుకోవడానికి ఏళ్ల విరామం కావాలి. ఆ విరామమే కరవైంది.

దీనికి పాలకుల దగ్గరున్న మందు 'పునరుద్ధరణ'. అడవి నరికితే మరోచోట మొక్కలు, పగడం పోతే మరోచోట పగడం. ఫ్లోరిడాలో 2023 వేసవిలో నర్సరీ పగడాలను కాపాడుకోవడానికి వాటిని సముద్రంలోంచి తీసి ఒడ్డున తొట్టెల్లో పెట్టవలసి వచ్చింది. మన ఏలికలకు ఇది పట్టదు. గ్రేట్ నికోబార్ ఓడరేవు ప్రాజెక్టుకు నరికే వానారణ్యానికి బదులు హరియాణాలో చెట్లు నాటుతారట! అక్కడి 20,668 పగడపు సమూహాల్లో 16,150ని తరలిస్తామన్నారు. మిగిలిన 4,518 సంగతి అనుమతి పత్రంలో లేదని 2023లో జాతీయ హరిత ట్రిబ్యునలే గుర్తించింది. అనుమతిని మాత్రం రద్దు చేయలేదు. తరలించిన పగడాలు చేరేది ఏ చల్లని సముద్రమో కాదు, వేడెక్కుతున్న ఆ నీళ్లలోకే.