టిక్కెట్టు లేని షికారు

ఆదివారం పొద్దున కాఫీ తాగకముందే మా ఇంట్లో వినిపించే ప్రశ్న ఒకటే. “నాన్నా, ఈరోజు యాడికి పోదాం?”

ఆదోనిలో కాపురం ఉండేవాళ్లకు ఇదెంత చిక్కుప్రశ్నో తెలుసు. రణమండల కొండెక్కి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాం. కోట చూశాం. జామియా మసీదు చూశాం. సినిమాకి పోదామంటే నలుగురికీ టిక్కెట్లు, ఇంటర్వెల్లో చిరుతిళ్లు, బయటికొచ్చాక హోటలు... లెక్క వేయాలంటేనే భయం! ఇక మార్చి వచ్చిందంటే ఎండకు భయపడి సాయంత్రం దాకా గడప దాటలేం.

అలాంటి ఓ ఆదివారం మా చిన్నోడు తేల్చి చెప్పేశాడు. “యాడికీ వద్దు. ఫోనివ్వు, ఇంట్లోనే ఉంటా.” పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తింది. “మీ నాయన మీ అంతున్నప్పుడు ఆదివారం వస్తే లైబ్రరీలోనే పడుండేవాడు. అన్నానికి నేనే పోయి పిలుచుకొచ్చేదాన్ని” అంది. పిల్లలిద్దరూ నన్ను అనుమానంగా చూశారు. “లైబ్రరీ అంటే బళ్లో ఉండేదే కదా జేజీ? సెలవు రోజు దానికి ఏంటికి పోతారు?” అని మా పెద్దపాప ప్రశ్న. ఏడో తరగతి చదువుతోంది మరి, ప్రశ్నలకు కొదవుండదు.

జవాబు చెప్పడం కంటే చూపించడమే నయమనిపించింది. ఆ సాయంత్రం నలుగురం నడుచుకుంటూ గ్రంథాలయానికి బయల్దేరాం.

మొదటిసారి... పది నిమిషాలే!

నిజం ఒప్పుకోవాలి. ఆ మొదటి షికారు పట్టుమని పది నిమిషాలు సాగలేదు. తప్పు నాదే. వెళ్లగానే బీరువాలోంచి ఓ మహానుభావుడి జీవితచరిత్ర తీసి పాప చేతిలో పెట్టాను. “చదువు, జ్ఞానం వస్తుంది” అన్నాను. చిన్నోడికి సామెతల పుస్తకం ఇచ్చాను. నేనేమో పేపరు పట్టుకుని కూర్చున్నా. కాసేపటికి మావాడు “ఇక్కడ మాట్లాడకూడదా?” అని గట్టిగా అడిగాడు. ఎదురుగా పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్లద్దాల మీదుగా చూశాడు. మరో రెండు నిమిషాలకు మేం రోడ్డు మీద మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఉన్నాం.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఒక్క మాట అంది. “బట్టలంగడికి పోయినప్పుడు నా చీర మీరు ఏరితే నేను కట్టుకుంటానా? వాళ్ల పుస్తకం మీరు ఏరితే వాళ్లెందుకు చదువుతారు?”

బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్లో పుట్టి, ఆ మాత్రం తెలియకపోతే ఎట్లా! తర్వాతి ఆదివారం నుంచీ ఒకటే నియమం... ఎవరి పుస్తకం వాళ్లే ఏరుకోవాలి. మనం నోరెత్తకూడదు. చిన్నోడు జంతువుల బొమ్మల పుస్తకం తీసుకున్నాడు. అక్షరాలు చదవలేదు, ఏనుగు బొమ్మే అరగంట చూశాడు. చూడనిచ్చాం. నాలుగో వారానికి బొమ్మ కింద ఏం రాశారో తనే కూడబలుక్కున్నాడు.

ఎప్పుడో కట్టేసిన టిక్కెట్టు

“ఇన్ని పుస్తకాలు ఊరికే ఎట్లా ఇస్తారు నాన్నా? టిక్కెట్టు లేదా?” అని అడిగాడొకసారి. ఇంటికొచ్చి ఇంటిపన్ను రశీదు తీసి చూపించాను. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒకటుంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్‌ పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటిది. సినిమా చూసినా చూడకపోయినా టిక్కెట్టు డబ్బులు ముందే కట్టేసి, హాలు దగ్గరికి కూడా పోకుండా ఉంటామా? గ్రంథాలయం విషయంలో మనలో చాలామంది చేస్తున్నది అదే!

నిజానికి ఆదోనికి గ్రంథాలయ చట్టం అంతకంటే ముందే వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అప్పుడు మనది మద్రాసు రాష్ట్రం. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్‌.ఆర్‌.రంగనాథన్‌ పట్టుదలతో ఆ రాష్ట్రం 1948లోనే చట్టం చేసింది. ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల సారం మా చిన్నోడికీ అర్థమైంది. పుస్తకం ఉన్నది వాడుకోవడానికి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలి. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి. పాఠకుడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం పెరుగుతూనే ఉండాలి.

చట్టాలకంటే ముందు మనుషులున్నారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికోసం జీవితమే ధారపోశారు. ఇక గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన కర్నూలువారే. 1883లో పుట్టారు. 1908లో పత్రికలో రాసిన రాతలకు తెల్లదొరలు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక ఆయన గ్రంథాలయాల కోసం, వయోజన విద్య కోసం ఏళ్లతరబడి పాటుపడ్డారు. 1960లో, గ్రంథాలయ చట్టం అమల్లోకి వచ్చిన ఏడాదే, కన్నుమూశారు.

మా పాపకు బాగా నచ్చింది మాత్రం పడవ కథ. 1935లో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాల్వ మీద పుస్తకాలను పడవకెక్కించి ఊరూరా తిప్పారు. ఆ పని వెనుక ఉన్నది పాతూరి నాగభూషణం. చదువరి రాలేకపోతే పుస్తకమే కదిలిపోయింది!

మిరపకాయ ఘాటు

ఆ గుంటూరు పేరు మా ఇంట్లో మళ్లీ వినిపించింది, వేరే సందర్భంలో.

పాప తరగతిలో ఓ అమ్మాయి ఉంది. పక్క పల్లె నుంచి వస్తుంది. రెండు ఆదివారాలు మాతోపాటు గ్రంథాలయానికి వచ్చింది. మూడో వారం బడిలో పాపతో అందట... “ఎల్లుండి మేము సుగ్గికి పోతాండం. ఆ రైలు పుస్తకం ఇస్తావా? సగమే చదివినా.”

సుగ్గి అంటే ఈ ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఎమ్మిగనూరు... వానల్లేక పంట చేతికి రాని పల్లెల నుంచి సంసారాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోతాయి. పిల్లల్ని చూసుకునేవాళ్లు ఇంట్లో లేకపోతే పిల్లలూ వెంట పోవాల్సిందే. వాళ్లకోసం ప్రభుత్వం సీజనల్‌ హాస్టళ్లు పెట్టింది. అయినా ఏటా కొందరు పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి, పిల్లలుండరు.

ఆ రైలు పుస్తకం ‘రైలుబడి’. జపాన్‌ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకానికి తెలుగు. పాత రైలుపెట్టెలే ఆ బడిలో తరగతి గదులు. అందులో ఒక పెట్టె గ్రంథాలయం కూడా.

పుస్తకం నా కార్డు మీద తెచ్చింది. గడువు రెండు వారాలు. వాళ్లు తిరిగొచ్చేది ఉగాదికి. “వద్దులేమ్మా, పుస్తకం పోతే?” అన్నాను. “పోతే నా హుండీలో డబ్బులు కట్టు” అంది పాప. నేనింకా నసుగుతున్నా. మా అమ్మ ఊరుకోలేదు. “పిల్ల బడి పోతాందని నీకు దిగులు రాలేదు గానీ, పుస్తకం పోతాదని దిగులొచ్చిందేమిరా!”

ఇంకేం మాట్లాడతాను? మర్నాడు పాప పుస్తకం తీసుకెళ్లి ఇచ్చింది. నేను గ్రంథాలయానికి వెళ్లి ఉన్న విషయం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి రిజిస్టర్లో రాసుకున్నారు. “ఆలస్య రుసుము కట్టాల్సి వస్తుంది సార్‌. పుస్తకం మాత్రం తిరిగొచ్చేట్టు చూడండి” అన్నారు.

ఉగాది వెళ్లిన నాలుగో రోజు ఆ అమ్మాయి వచ్చింది. ఎండకు నల్లబడింది. వేళ్ల కొసలు మిరపకాయలు కోసి కోసి పొక్కిపోయాయి. ఎరువుల సంచి ముక్కలో చుట్టిన పుస్తకం తీసి ఇచ్చింది. విప్పగానే మా చిన్నోడు తుమ్మాడు. తర్వాత నేను, తర్వాత మా ఆవిడ! ప్రతి పేజీలోనూ మిరప ఘాటే. అందరం నవ్వుకున్నాం. కళ్లలో నీళ్లు మాత్రం ఘాటువల్లేనని చెప్పుకున్నాం.

“రెండు తూర్లు చదివినా అంకుల్‌. రాత్రిపూట గుడిసెల కాడ చిన్నపిల్లోల్లు కూచుంటే చదివి చెప్పినా. మాయమ్మ కూడా ఇన్నది” అంది. పోతూ పోతూ వాకిట్లో ఆగింది. “మా బడి కూడా రైలెక్కి మాతోనే వచ్చింటే బాగుండు కదా?”

జవాబేం చెప్పగలం? కాల్వల మీద పుస్తకాలు పడవెక్కి తిరిగిన జిల్లాకే మన పిల్లలు పుస్తకాలొదిలి పోతున్నారు. మా ఆవిడ మాత్రం ఆ వారమే వాళ్లమ్మతో మాట్లాడింది. వచ్చే ఏడాది సుగ్గికి పోయేటప్పుడు పాపను హాస్టల్లో ఉంచమని, కాదంటే మా ఇంట్లోనైనా ఉంచమని అడిగింది. “చూద్దాం లేమ్మా” అందామె. ఆ ‘చూద్దాం’ సరేనో కాదో డిసెంబరు దాకా తెలియదు. ఈలోగా ఆ పిల్ల పేరు మీద ఒక కార్డు మాత్రం తీయించాం.

మీరూ బయల్దేరతారా?

మా అనుభవంలో తెలిసిన కొన్ని సంగతులు చెబుతాను.

* వేళలు ముందే కనుక్కోండి. చాలాచోట్ల పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరుస్తారు. ఆదివారం తెరిచి, శుక్రవారం సెలవు ఇవ్వడం మామూలు. అయినా బోర్డు చూసుకుని వెళ్లడం మేలు. పిల్లల్ని తీసుకెళ్లాక తలుపుకు తాళం కనబడితే మళ్లీ వాళ్లు రారు.

* కార్డు పిల్లల చేతికే ఇవ్వండి. దరఖాస్తు నింపి కొంత డిపాజిట్‌ కడితే ఇంటికి పుస్తకాలిస్తారు. గడువు తేదీ గుర్తుపెట్టుకునే పని కూడా వాళ్లదే. మావాడు క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకుంటాడు.

* మీరూ చదవండి. మనం ఫోన్‌ చూసుకుంటూ వాళ్లను చదవమంటే వినరు. గదిలో ఆడవాళ్లు తక్కువగా కనిపిస్తారని మా ఆవిడ మొదట్లో జంకింది. ఇప్పుడు ఆమెను చూసి మా వీధివాళ్లు ఇద్దరు వస్తున్నారు.

* ఏ భాషైనా సరే. ఆదోనిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఇంట్లో మాట్లాడే భాషలో పుస్తకముందేమో అడగండి. లేకపోతే తెప్పించమని రాసివ్వండి. అడిగేవాళ్లుంటేనే పుస్తకాలు వస్తాయి.

* చదివి వినిపించండి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అక్కడి మగ్గాల ఇంట్లోనే మా బావ పెరిగాడు. వాళ్ల నాయన మగ్గం నేస్తుంటే తను పక్కన కూర్చుని పేపరు చదివి చెప్పేవాడట. “నా చదువు అంతా మగ్గం చప్పుడులోనే” అంటాడు.

* చూసిన చోటునీ పుస్తకాన్నీ కలపండి. పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడిలో బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. రెండువేల రెండొందల ఏళ్ల కిందటివి. అక్కడి ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పిల్లలకు చూపించండి. ఆ సాయంత్రం అశోకుడి పుస్తకం వాళ్లే వెతుక్కుంటారు.

కృష్ణగిరి, దేవనకొండ లాంటి మండలాల పల్లెల్లో ఉండేవాళ్లు ప్రతివారం పట్నం రాలేరు, నిజమే. సంతకో ఆసుపత్రికో వచ్చినప్పుడు ఓ అరగంట చాలు. ఒకసారి తీసుకున్న పుస్తకం ఇంట్లో నలుగురి చేతులు మారుతుంది. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకు పోటీలు పెడతారు. మొదలుపెట్టడానికి అదో మంచి అదను.

తొలకరి చినుకులు పడగానే జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం ఎంతమంది వంగి వెతుకుతారో చూసే ఉంటారు. రోజంతా వెతికినా ఎవరికో ఒక్కరికి దొరుకుతుంది. గ్రంథాలయంలో వెతికితే వట్టి చేతులతో వచ్చేవాళ్లు తక్కువ.

అన్నట్టు, ‘రైలుబడి’ తిరిగి ఇచ్చేశాం. రుసుము కట్టింది మా పాప, తన హుండీలోంచే. పుస్తకం తీసుకుంటూ ఆయన కూడా తుమ్మారు. బీరువాలో పెట్టబోతూ, “రెండ్రోజులు ఎండలో పెడతాన్లెండి, తర్వాత చదివేవాళ్లు బెదిరిపోతారు” అన్నారు. మీలో ఎవరికైనా ఆ ఘాటు తగిలితే కంగారుపడకండి. మీకంటే ముందు దాన్ని ఎవరో మిరపచేను గట్టుమీద కూర్చుని చదివారన్నమాట.